వన్స్‌మోర్ అన్నప్పుడు ఏం చేయాలి

డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మన తెలుగు సంఘం వేడుకలో నన్ను వేదిక మీదికి పిలుస్తూ యాంకరమ్మాయి, "సుందరం అంకుల్‌కి క్లారినెట్ వాయించడం, నాటకాలు రాయడం హాబీ" అని పరిచయం చేసింది. నేను మైకు అందుకుని, "హాబీ కాదమ్మా, పని" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

వారానికి అయిదు రోజులు కార్ల విడిభాగాలు చేసే షాపులో లేత్ మిషన్ ముందు నిలబడ్డాను. అది జీతం కోసం. పని అంటే మిగిలిన వేళల్లో చేసింది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినవాణ్ణి. సంగీత కళాశాల గేటు కూడా చూడలేదు. నాటకం ఎలా రాయాలో చెప్పే క్లాసు ఉంటుందని ఈ దేశం వచ్చిన చాలా ఏళ్ళకి తెలిసింది, అప్పటికి నేను మూడు నాటకాలు రాసేశాను. లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుకున్నదే నా చదువు. అలాంటివాణ్ణి చూసి హాబీ అంటే నాకు కోపం వస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చినా వస్తుంది.

ఇక్కడే పుట్టిన మన పిల్లలు కొందరు ఈ పనిలోకి వస్తామంటున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. తెలుగు చదవలేని పిల్లలకి అమ్మానాన్నలు చదివి వినిపించండి, ఆ మాత్రం శ్రమ పడండి. శాలువాలు, షీల్డులు నాకూ ఉన్నాయి, వాటి సంగతి రాయను. నేను చేసిన తప్పులు, నాకు దొరికిన ఒక గురువు, పోయిన ఏడాది ఒక నాటకం మీద జరిగిన పోట్లాట, ఇవే రాస్తాను. ఆ నాటకాన్ని ముందే రికార్డు చేసి పిల్లలచేత పెదవులు ఆడించాలని కమిటీ అంది. పిల్లలే నోరు విప్పి మాట్లాడాలని నేనన్నాను. ఆ పోట్లాటలో ఓడితే, జన్మంతా నేను నమ్మి చేసింది ఉత్తదేనని ఒప్పుకున్నట్టు. గెలిచాను. ఎలా గెలిచానో అర్థం కావాలంటే ముందు సిగ్గుతో తల దించుకున్న రోజు గురించి చెప్పాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం

నరసాపురం దగ్గర మా పేటలో మా నాన్న బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించేవాడు. క్లారినెట్ నాకు ఆయనే నేర్పాడు. మేం లేకపోతే పెళ్ళి ఊరేగింపు అడుగు కదిలేది కాదు. భోజనాల వేళకి మాత్రం మా విస్తళ్ళు పెరట్లో, వేరుగా వేసేవాళ్ళు. ఇది నేను మర్చిపోలేదు.

నా భార్య గ్రేస్ రత్నం నర్సు. డెట్రాయిట్ ఆసుపత్రిలో ఉద్యోగం ఆమెకి వచ్చింది. ఆమె భర్తగా నేను వచ్చాను. ఈ సంగతి చాలామంది మగవాళ్ళు తిరగేసి చెప్పుకుంటారు. నేను చెప్పుకోను.

షాపులో నా పక్క మిషన్ మీద డూగల్ అనే స్కాట్లండు మనిషి ఉండేవాడు. ఓడలు కట్టే ఊళ్ళో పుట్టాడు. అక్కడే చిన్నప్పుడు ఓడ రేకులకి రివెట్లు కొట్టాడు, బ్యాండు కుర్రాళ్ళతో కలిసి ట్రాంబోన్ అనే పొడుగు బాకా నేర్చుకున్నాడు. నాటకాలు రాసేవాడు, జాజ్ వాయించేవాడు. సుందరం అనడానికి నోరు తిరగక, "మా ఊళ్ళో వీధికొక సాండీ ఉంటాడు, నువ్వూ సాండీవే" అని పేరు పెట్టేశాడు. అతను మాట్లాడింది అతని ఊరి ఇంగ్లీషు. నాకు గుర్తున్న మాటల్ని నా తెలుగులో రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక యూనియన్ హాల్లో డూగల్ బ్యాండు వాయించేది. నేను క్లారినెట్ వాయిస్తానని తెలిసి, ఒకసారి రమ్మన్నాడు. చర్చి ఆరాధన ముగించుకుని, అదే కోటు మీద వెళ్ళాను.

జాజ్ పద్ధతి క్లుప్తంగా చెప్తాను. పాటని ముందు అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ తన వంతు వచ్చినప్పుడు ఆ పాట మీదే అప్పటికప్పుడు కల్పించి వాయించాలి. దాన్ని సోలో అంటారు. నా వంతు వచ్చింది. మా నాన్న ఊరేగింపులో తీసే మెలికలన్నీ తీశాను. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఒక ముసలాయన ఈల కూడా వేశాడు.

అప్పుడు నేను చేసిన పని మన ప్రాంతం మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. మా వైపు పద్య నాటకాల్లో జనానికి పద్యం నచ్చితే "వన్స్‌మోర్" అని అరుస్తారు. చచ్చిపోయిన పాత్రధారి కూడా లేచి నిలబడి, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ పడుకుని చచ్చిపోతాడు. చప్పట్లంటే మళ్ళీ అడగడమే అని నా రక్తంలో ఉంది. పియానో ఆయన తన సోలో మొదలుపెట్టబోతుంటే, నేను ముందుకొచ్చి నా సోలో మొత్తం, ఒక్క స్వరం పొల్లు పోకుండా, మళ్ళీ వాయించాను.

డూగల్ చెయ్యెత్తి బ్యాండు ఆపేశాడు. మైకు ముందే, అందరూ వింటుండగా, "సాండీ, ఆ మాట ఇందాకే చెప్పావు కదా" అన్నాడు.

హాలంతా నవ్వింది. ఈల వేసిన ముసలాయన కూడా.

బయటికొచ్చాక అడిగాను. "చప్పట్లు కొట్టారు. మళ్ళీ కావాలనుకున్నాను."

"నువ్వు వెతుక్కుంటుంటే చూసి కొట్టారయ్యా. దొరికిందాన్ని మళ్ళీ చూపిస్తే ఎవరికి కావాలి?"

ఇంటికి వెళ్ళి, రీడ్ల డబ్బా చెత్తబుట్టలో పడేశాను. రీడు అంటే క్లారినెట్ మూతికి బిగించే పల్చని రెల్లు ముక్క. అది లేకపోతే క్లారినెట్ వట్టి గొట్టం. గ్రేస్ చూసింది. డూగల్‌తో పక్క మిషన్ మీద నిలబడి కూడా మూడు వారాలు మాట్లాడలేదు.

నాలుగో వారం భోజనాల బెంచీ మీద అతనే వచ్చి పక్కన కూచున్నాడు. వన్స్‌మోర్ ఆచారం గురించి అప్పటికి మన తెలుగువాళ్ళెవరో చెప్పారట. "మీ ఊళ్ళో ఆ నటుడు రెండోసారి కూడా అచ్చం అలాగే పాడేవాడా?"

"అచ్చం అలాగే" అన్నాను, పౌరుషంగా.

అది అబద్ధం. ఆ సాయంత్రం బస్సులో కూచుంటే గుర్తొచ్చింది. మా పేటకి వచ్చే నాటక సమాజంలో రాజు వేషం వేసే ఆయన ఉండేవాడు. మొదటిసారి పద్యాన్ని గర్జించి పాడేవాడు. వన్స్‌మోర్ అన్నాక, మొదటిసారి దాటిపోయిన ఒక మాట దగ్గర ఆగేవాడు. రాగం సన్నగా తీసేవాడు. గోడకి ఆనుకుని కూచున్న ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకునేది రెండోసారే. పద్యం అదే, రాజు మాత్రం వేరు. ఉన్నదున్నట్టు మళ్ళీ వాయించేది మేం, సినిమా పాటలు వాయించే మేళం వాళ్ళం. నా మేళం అలవాటుని తీసుకెళ్ళి నాటకం వాళ్ళకి అంటగట్టాను. స్కాట్లండు నుంచి వచ్చినవాడు అడిగితేగానీ నా ఊళ్ళో నేను చూసింది నాకు అర్థం కాలేదు.

రెండు రోజులాగి క్లారినెట్ పెట్టె తెరిచాను. రీడ్లు అందులోనే ఉన్నాయి. పడేయలేదన్నమాట, పడేద్దామని అనుకుని ఉంటాను, కోపంలో మనిషికి ఏం గుర్తుంటుంది అని సరిపెట్టుకున్నాను. ఆ ఆదివారం హాల్‌కి వెళ్ళాను. ఆ తర్వాత డూగల్ చనిపోయేదాకా ఆ బ్యాండులో క్లారినెట్ కుర్చీ నాది.

డూగల్ పెన్సిలు

డూగల్ మంచివాడని రాయను. ఆలస్యంగా వచ్చేవాడు, ఆలస్యమైందని మనల్ని తిట్టేవాడు. థాంక్స్ అనే మాట అతని నోట నేను రెండుసార్లు విన్నాను, రెండూ వెయిట్రస్‌కి చెప్పినవే. నేను కట్టిన ఒక ట్యూను అడక్కుండా తన నాటకంలో వాడుకున్నాడు. పోట్లాడితే, "నచ్చకపోతే వాడేవాణ్ణా?" అన్నాడు. యువతరానికి చెప్తున్నాను, ఇలాంటివాళ్ళ దగ్గరే పని దొరుకుతుంది. పని నేర్చుకోండి, గుణాలు వదిలేయండి. మీ ట్యూను మీద మీ పేరు మాత్రం ముందే రాయించుకోండి.

అతని నాటకాలన్నీ ఓడలు కట్టేవాళ్ళ భాషలో ఉండేవి. ఈ భాష డెట్రాయిట్‌లో ఎవడికి అర్థమవుతుందని థియేటర్ వాళ్ళు అడిగారట. ఆడాక చూస్తే, అందరికంటే ముందు అర్థమైంది కార్ల ఫ్యాక్టరీ వాళ్ళకే. అతని నాటకాలు ఎక్కడెక్కడో ఆడారు. అతను మాత్రం సోమవారం పొద్దున మళ్ళీ లేత్ దగ్గరే ఉండేవాడు.

కొత్త నాటకం రాసినప్పుడల్లా అతని వంటింట్లో మొదటి చదువు. నటులు పైకి చదువుతుంటే పెన్సిలు పట్టుకుని వినేవాడు. ఎవరైనా ఒక వాక్యం దగ్గర తడబడితే, మళ్ళీ చదవమనేవాడు కాదు. వాక్యం కొట్టేసేవాడు. "నోరు తడబడిందంటే తప్పు నోటిది కాదు" అనేవాడు. అందులో అతనికి ఎంతో ఇష్టమైన వాక్యాలు కూడా పోయేవి. ఒక్కటి కూడా బతిమాలి నిలబెట్టుకోవడం నేను చూడలేదు.

ఇది చూస్తూ కూడా నా మొదటి నాటకాన్ని చర్చి కోసం ఎలా రాశాననుకున్నారు? "ఓ జననీ, నేను విచ్చేయుచున్నాను" అని రాశాను. చదువు లేనివాడికి పెద్ద భాష మీద మోజు ఎక్కువ. తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు గుమ్మంలో నిలబడి ఆ మాట అనగానే, మా చర్చి పెద్ద ఏసురత్నం గారు ముందు వరసలోంచి, "విచ్చేయి నాయనా, కాళ్ళు కడుక్కో" అన్నారు. ఆ మాట నేను రాసినదానికంటే బాగుంది. ఇంటికొచ్చి నాటకంలో దాన్నే పెట్టుకున్నాను.

కమిటీ

ఇప్పుడు పోయిన ఏడాది సంగతి. తెలుగు సంఘం వేడుకకి నాటకం ఇమ్మన్నారు. కమిటీ పెద్ద ప్రసాదరావు గారు కార్ల కంపెనీలో పెద్ద ఇంజినీరు. తెనాలి వైపు మనిషి, మర్యాదస్తుడు. కోప్పడడానికి కూడా వీలివ్వని మర్యాద.

"సుందరం గారూ, మన పిల్లల ప్రొనన్సియేషన్ మీకు తెలుసు కదండీ. డైలాగ్స్ హైదరాబాద్‌లో ప్రొఫెషనల్ వాయిస్‌లతో రికార్డ్ చేయిద్దాం. స్టేజ్ మీద పిల్లలు లిప్స్ మూవ్ చేస్తే చాలు. రిస్క్ ఉండదు."

"నోరు వీళ్ళది, మాట ఎవరిదో. అది నాటకమా అండీ?"

"అందరూ అలాగే చేస్తున్నారండి."

"అందుకే ఒక్కటీ గుర్తుండడం లేదు."

ఆయన నవ్వారు. చివరికి ఒప్పందం ఇది. వేడుకకి రెండు వారాల ముందు కమిటీ వచ్చి రిహార్సల్ చూస్తుంది. బాగా లేదనిపిస్తే రికార్డింగే. "స్టూడియో స్లాట్ బుక్ చేసే ఉంచాను, మీరు వేరేగా అనుకోవద్దు" అన్నారు. వేరేగానే అనుకున్నాను.

నాటకం పేరు 'లాకర్'. ఆసుపత్రిలో జన్మంతా పనిచేసిన తెలుగు నర్సు రిటైరయ్యే రోజు, తన లాకర్ ఖాళీ చేయడం కథ. ఆమెకి ఒక కూతురు. తల్లి వేషానికి మేఘన అనే అమ్మాయిని తీసుకున్నాను. ఇక్కడే పుట్టింది, కార్లకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది, ఇరవై మూడేళ్ళు. నడిచి వస్తే చాలు, స్టేజ్ నిండుతుంది. నోరు విప్పితే ళ రాదు, ణ రాదు. నాలుగు వారాలు ఆ రెండక్షరాల మీద ఆ పిల్లని వేయించుకు తిన్నాను. ప్రతి వాక్యం దగ్గరా ఆపేవాణ్ణి.

ఒకరోజు ఆ అమ్మాయి స్క్రిప్ట్ కుర్చీలో పెట్టేసి, "అంకుల్, రికార్డింగే పెట్టండి" అంది.

"ఎందుకమ్మా?"

"నేను స్టుపిడ్‌లాగా సౌండ్ చేస్తున్నా. నేను మౌత్ ఓపెన్ చేస్తేనే మీ ఫేస్ చేంజ్ అవుతుంది. మీకు తెలీదు, నేను చూస్తా రోజూ."

 యూనియన్ హాల్లో నవ్వులు వినబడ్డాయి. డూగల్ నన్ను ఒక్కసారి నవ్వులపాలు చేశాడు, నేను ఈ పిల్లని నాలుగు వారాలుగా చేస్తున్నాను. అతని పెన్సిలు అప్పుడు గుర్తొచ్చింది. ఈ అమ్మాయి నోరు తడబడిన ప్రతిచోటా తప్పు నాది. నరసాపురం తల్లి మాటలు ట్రాయ్‌లో పుట్టిన పిల్ల నోట్లో కుక్కుతున్నాను.

"మీ అమ్మతో ఇంట్లో ఎలా మాట్లాడతావు?" అన్నాను.

"ఇలానే. బ్యాడ్ తెలుగు."

"ఆ బ్యాడ్ తెలుగులో చెప్పు. ఇవి మీ అమ్మ బూట్లు. ఆసుపత్రి లాకర్‌లో దొరికాయి. ఏమంటావు?"

బూట్లు పట్టుకున్నట్టు చేతులు చాచి, అంది. "అమ్మా, ఈ షూస్ ఎందుకు దాచావ్? సోల్ మొత్తం పోయింది కదా. నువ్వు ఇవేసుకుని నడిచావా? నాకు మాత్రం ప్రతి ఇయర్ కొత్తవి కొన్నావ్. నాకు చెప్పలేదు నువ్వు."

నేను పెన్సిలు తీశాను. వారం రోజుల్లో నాటకం తిరగరాశాను. తల్లి స్టేజ్ మీద లేనే లేదు. మేఘనే ఆమె కూతురుగా ఒక్కతే వచ్చి లాకర్ ఖాళీ చేస్తుంది. ఆ పక్కన కుర్చీలో క్లారినెట్‌తో నేను. అందమైన వాక్యాలు చాలా పోయాయి. రెండు రోజులు బాధపడ్డాను, మూడో రోజు మర్చిపోయాను. మేఘనకి ఒక్క నియమం పెట్టాను. బూట్ల దగ్గరి మాటలు రోజూ ఒకేలా చెప్పకూడదు. ఒకరోజు బూట్లతో చెప్పు, ఒకరోజు అక్కడ లేని అమ్మతో చెప్పు, ఒకరోజు నీతో నువ్వే చెప్పుకో.

కమిటీ వచ్చి చూసింది. ప్రసాదరావు గారు గొంతు సవరించుకుని, "ఎమోషన్ బాగుందండీ. తెలుగే అక్కడక్కడా..." అన్నారు.

"మీ అమ్మాయి మీతో మాట్లాడే తెలుగు ఏదండీ?"

ఆయన కమిటీ వాళ్ళవైపు చూశారు. "సరే మీ ఇష్టం. తేడా వస్తే పోయేది మీ పేరే" అన్నారు.

"పోనివ్వండి."

ఆ మధ్యాహ్నం

హైస్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. ముందు వరస నేను అడిగి మరీ రిటైరైన నర్సులకి ఇప్పించాను. గ్రేస్, ఆమెతో పనిచేసిన మన చర్చి ఆడవాళ్ళు, అందరూ పట్టు చీరల మీద స్వెట్టర్లు వేసుకుని కూచున్నారు. మొదటి పది నిమిషాలు వెనకనుంచి గుసగుసలు. ఎవరో పిల్లాడు చిప్స్ ప్యాకెట్టు నలుపుతున్నాడు. 

బూట్లు వచ్చాయి. మేఘన వాటిని చేత్తో పట్టుకుని వాటితోనే మాట్లాడింది. నేను కింద సన్నగా క్లారినెట్ వాయించాను. "నాకు చెప్పలేదు నువ్వు" అని ఆగింది. చిప్స్ చప్పుడు కూడా ఆగింది.

అప్పుడు హాలు మధ్యలోంచి ఒక గొంతు. "వన్స్‌మోర్."

చూశాను. ప్రసాదరావు గారు. లేచి నిలబడి ఉన్నారు, లేచానని ఆయనకే తెలిసినట్టు లేదు. నాటకాల ఊరు తెనాలి ఆయన్ని లేపింది. ఆ వెంటనే వెనక వరసల్లో అరవై దాటిన వాళ్ళందరూ అందుకున్నారు. వన్స్‌మోర్, వన్స్‌మోర్.

మేఘన జన్మలో ఆ ఆచారం వినలేదు. తప్పు జరిగిందనుకుంది. బూట్లు పట్టుకుని నా వైపు చూసింది. నేను క్లారినెట్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాను, మళ్ళీ దించి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇందాక వాయించింది మళ్ళీ వాయించకూడదని డూగల్ నేర్పాడు. అసలు వాయించకుండా ఉండడం ఆ క్షణంలో నేర్చుకున్నాను. చెప్పు అన్నట్టు తల ఊపాను.

ఆ అమ్మాయి బూట్లు కింద పెట్టేసింది. స్టేజ్ అంచుదాకా నడిచొచ్చి ముందు వరస నర్సుల్ని చూసింది. ఒక్కొక్కరి కాళ్ళవైపే చూసింది. అవే మాటలు, ఒక్కటి కూడా మార్చలేదు. మొదటిసారి కోపంగా అడిగింది, రెండోసారి తప్పు ఒప్పుకుంటున్నట్టు అడిగింది. ముందు వరసలో ఒకామె తన కాళ్ళు మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది. చివరి మాట అయింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొంతసేపటికి కొట్టారు, అప్పుడిక ఆపలేదు.

నాటకం అయ్యాక ప్రసాదరావు గారు వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"రికార్డింగుని వన్స్‌మోర్ అడిగితే ఏం చేసేవాళ్ళండీ?" అన్నాను.

"రివైండ్ చేసేవాళ్ళం" అని నవ్వి, నా చెయ్యి పట్టుకున్నారు. "మీరే గెలిచారు సుందరం గారూ. మా అమ్మాయి నన్ను ఎత్తిపొడుస్తోంది, డాడీ నువ్వే అరిచావు అని."

నేను వినయంగా ఏమీ అనలేదు. గెలిచిన రోజు వినయం నటించడం నాకు రాదు. మీరూ నేర్చుకోవద్దు.

ఇంటికి నేనే డ్రైవ్ చేస్తున్నాను.  సిగ్నల్ దగ్గర ఆగాక గ్రేస్ అంది.

"ఏమండీ, నా లాకర్‌లో మీ రీడ్ల డబ్బా ఉండేది. అది రాయలేదేం?"

"ఏ రీడ్లు?"

"మీరు చెత్తబుట్టలో పడేసినవి. ఇంట్లో ఉంచితే విరగ్గొడతారని తీసి హాస్పిటల్‌కి పట్టుకెళ్ళాను. నాలుగో వారం మీ మొహం కాస్త తేటపడ్డాక తెచ్చి పెట్టెలో పెట్టేశాను."

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు వాడు హారన్ కొట్టాడు.

"ఇన్నేళ్ళకి చెప్తావా?"

"లాకర్ మీద నాటకం రాశారు. లాకర్‌లో ఏముండేదని నన్ను ఒక్కసారైనా అడిగారా?"

అడగలేదు. నర్సు గురించి రాస్తూ, ఇంట్లో ఉన్న నర్సుని అడగలేదు. పిల్లలూ, ఇదీ నా తప్పుల్లో రాసుకోండి.

ఇంటికి వెళ్ళగానే స్క్రిప్ట్ తీసి, బూట్ల వెనక ఒక చిన్న డబ్బా చేర్చాను. మేఘనకి ఫోన్ చేశాను. కూతురు ఆ డబ్బా తెరిచి చూసి ఏమనాలో నాలుగు రకాలుగా రాశానని, ఏది బాగుందో వినమని అన్నాను.

"మీరు చదవద్దు అంకుల్" అంది ఆ అమ్మాయి. "డబ్బా నా చేతికివ్వండి. నేను చెప్తా, మీరు రాసుకోండి."

పెన్సిలు కోసం లేచాను.